పికప్ బండిలో తిరిగి తిరిగి వచ్చే ఇంజెక్టర్ కోడ్

సేవా సంస్థల దగ్గర ఉండే బండ్లలో అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ చేసేది పికప్పే. ఎవరో ఒక దాత కొనిచ్చి ఉంటారు, లేదా పదిమంది కలిసి పోగుచేసి ఉంటారు. రంజాన్‌లో రేషన్ కిట్లు, ఎండల్లో నీళ్ల క్యాన్లు, వానల్లో దుప్పట్లు, ఏడాది పొడుగునా బియ్యం బస్తాలు దాని మీదే తిరుగుతాయి. బండి కొనివ్వడానికి ముందుకొచ్చేవాళ్లు దొరుకుతారు గానీ, మరమ్మతు బిల్లు దగ్గరికొచ్చేసరికి కమిటీలో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. బిల్లులో 'ఇంజెక్టర్' అన్న మాట కనిపిస్తే మరీను. ఆ ఒక్క మాట వెనక వేల రూపాయలు ఉంటాయి. ఆ డబ్బు ఇచ్చింది దాతలు. అది ఎందుకు ఖర్చయిందో అడిగే హక్కు వారికుంది, చెప్పగలిగే తెలివి కమిటీకి ఉండాలి.

ఈ వ్యాసం మెకానిక్కుల కోసం రాసింది కాదు. బండికి డబ్బిచ్చేవాళ్లూ, బిల్లు మీద సంతకం పెట్టేవాళ్లూ ఒక విషయం అర్థం చేసుకుంటే చాలు. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది. షెడ్డులో స్కానర్ పెడితే 'ఇంజెక్టర్ సర్క్యూట్' అని కోడ్ వస్తుంది. ఇంజెక్టర్ మారుస్తారు, కోడ్ చెరిపేస్తారు, బండి బయటికొస్తుంది. వారం తిరక్కుండా అదే లైటు, అదే కోడ్. మళ్లీ షెడ్డు. ఇలా ఎందుకు జరుగుతుంది?

మొదట ఆ కోడ్ ఏం చెబుతోందో చూద్దాం. ఉదాహరణకు పి 0203 అనే కోడ్ తీసుకోండి. 'పి' అంటే ఇంజిను, గేరు భాగం. తర్వాతి సున్నా, అది ఏ ఒక్క కంపెనీ సొంత కోడ్ కాదనీ అందరికీ ఉమ్మడిదనీ చెబుతుంది. ఆ తర్వాతి 2 ఇంధనం, ఇంజెక్టర్ సర్క్యూట్ల వర్గం. చివరి 03 మూడో సిలిండర్. అంటే పి 0201 ఒకటో సిలిండర్, పి 0204 నాలుగోది. ఇదే వర్గంలో మరికొన్ని కోడ్‌లున్నాయి. పి 0267 వస్తే మూడో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సినదానికన్నా తక్కువుందని, పి 0268 వస్తే ఎక్కువుందని అర్థం. పి 2146, పి 2149 లాంటివి వస్తే ఒక్క సిలిండర్ కాదు, ఒక జత ఇంజెక్టర్లకు కలిపి కరెంటు ఇచ్చే లైన్లోనే తేడా ఉందన్నమాట.

ఇక్కడ గట్టిగా పట్టుకోవాల్సిన మాట 'సర్క్యూట్'. కోడ్ 'ఇంజెక్టర్ పోయింది' అనడం లేదు. 'ఇంజెక్టర్‌కు వెళ్లే కరెంటు దారిలో తేడా ఉంది' అంటోంది, అంతే. ఆ దారిలో మూడు మజిలీలున్నాయి. ఒకటి ఈసీఎం, అంటే బండి కంప్యూటర్, అందులో ఇంజెక్టర్‌ను నడిపే భాగం. రెండోది అక్కడి నుంచి ఇంజిన్ దాకా వచ్చే వైర్లు, వాటి కప్లర్లు. మూడోది ఇంజెక్టర్ లోపలి రాగి తీగ చుట్ట, అంటే కాయిల్. ఈసీఎం ఇంజెక్టర్‌ను కళ్లతో చూడలేదు. తాను పంపిన కరెంటు అనుకున్నట్టు వెళ్లిందా లేదా అన్నదొక్కటే దానికి తెలుస్తుంది. దారి ఎక్కడ తెగినా దానికి ఒకటే. ఇంటికి కరెంటు రాకపోతే బల్బు మార్చి ఊరుకుంటామా? ఫ్యూజు చూస్తాం, వైరు చూస్తాం. బండి దగ్గరికొచ్చేసరికి మాత్రం నేరుగా బల్బు మార్చేస్తున్నాం, అదీ ఇంట్లోకెల్లా ఖరీదైన బల్బు.

ఇంకో సంగతి. డీజిల్లో నీళ్లు కలవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, నాజిల్ రంధ్రాలకు మసి పట్టడం లాంటివి సాధారణంగా సర్క్యూట్ కోడ్ తేవు. వాటివల్ల రైలు ప్రెషర్ తగ్గిందని పి 0087 రావచ్చు, సిలిండర్ మిస్ కొడుతోందని పి 0300 వరసలో కోడ్‌లు రావచ్చు. సర్క్యూట్ కోడ్ కరెంటుకు సంబంధించింది. "డీజిల్ మంచిది కాదు సార్, అందుకే ఈ కోడ్" అని ఎవరైనా అంటే, ఆ రెంటికీ లంకె ఎక్కడుందో నెమ్మదిగా అడగాలి.

పాత డీజిల్ ఇంజిన్లలో నాజిల్‌కు కరెంటుతో పనే లేదు. పంపు తోస్తే డీజిల్ వచ్చేది, స్ప్రింగు తెరుచుకునేది. ఒకే పైపులో ఎప్పుడూ అధిక ఒత్తిడితో డీజిల్ నిలవుంచి, ఇంజెక్టర్లను కరెంటుతో తెరిచే 'కామన్ రైల్' పద్ధతి కార్లలోకి వచ్చింది 1997లో. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే డీజిల్ పికప్పులన్నీ దాదాపుగా ఇదే పద్ధతి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చాక పాత పద్ధతికి చోటే లేకుండా పోయింది. ఆ రైల్లో డీజిల్ ఒత్తిడి 1,600 బార్ దాకా, కొత్త ఇంజిన్లలో అంతకన్నా ఎక్కువగా కూడా ఉంటుంది. మన టైర్లో గాలి ఒత్తిడి కొన్ని బార్లే అని గుర్తుంచుకుంటే ఈ అంకె ఎంతదో తెలుస్తుంది.

అంత ఒత్తిడిలో ఉన్న ఇంజెక్టర్‌ను సెకనులో వెయ్యో వంతులోపే తెరవాలి. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులు దానికి సరిపోవు. అందుకే ఈసీఎం లోపలే ఆ 12 వోల్టులను 65, 80 వోల్టుల దాకా పెంచి దాచుకుంటుంది. ఇంజెక్టర్ తెరవాల్సిన క్షణాన దాన్ని ఒక్కసారిగా వదులుతుంది. అప్పుడు దాదాపు 20 ఆంపియర్ల కరెంటు వెళుతుంది. తెరుచుకున్నాక తెరిచి పట్టుకోవడానికి అంతకన్నా తక్కువ చాలు. ఇంత కరెంటు ఇంత వేగంగా వెళ్లాలంటే ఆ కాయిల్ రెసిస్టెన్స్ చాలా తక్కువగా ఉండాలి. సోలినాయిడ్ రకం డీజిల్ ఇంజెక్టర్లో అది ఒక ఓంలో సగం కన్నా తక్కువే, సుమారు 0.2 నుంచి 0.5 ఓం.

అసలు చిక్కంతా ఈ చిన్న అంకె దగ్గరే ఉంది. మామూలు పెట్రోలు ఇంజెక్టర్ కాయిల్ 12 నుంచి 16 ఓంలుంటుంది. అక్కడ కప్లర్లో కాస్త చిలుము పట్టి అర ఓం కలిసినా ఇంజిన్‌కు తెలియదు. డీజిల్ కామన్ రైల్లో మొత్తం కాయిలే 0.3 ఓం. కప్లర్ పిన్ను మీద చిలుము ఇంకో 0.3 ఓం చేర్చిందంటే దారి బరువు రెట్టింపయినట్టే. కరెంటు అనుకున్న వేగంతో పెరగదు, ఈసీఎం కోడ్ వేస్తుంది. ఇంజెక్టర్ నిక్షేపంలా ఉంటుంది, దోషం కప్లర్ది. కొత్త ఇంజెక్టర్ బిగించేటప్పుడు కప్లర్ ఊడదీసి మళ్లీ పెడతారు కదా, ఆ రాపిడికి చిలుము కొంచెం చెదిరి నాలుగు రోజులు బాగా నడుస్తుంది. 'చూశారా, ఇంజెక్టర్ మారిస్తే తగ్గింది' అనిపిస్తుంది. అయిదో రోజు లైటు. తిరిగి తిరిగి వచ్చే కోడ్‌ల వెనక ఇలాంటి అబద్ధపు నయం చాలా తరచుగా కనిపిస్తుంది.

కాబట్టి పని మొదలుపెట్టాల్సింది స్పానరుతో కాదు, పెన్నుతో. స్కానర్ పెట్టగానే చాలామంది చేసే మొదటి పని కోడ్ చెరపడం. చెరిపితే కోడ్‌తో పాటు ఇంకొకటి పోతుంది. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడి మీదుంది, ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది, బండి వేగమెంత, బరువు మీదుందా, ఇవన్నీ ఈసీఎం ఒక ఫొటో తీసినట్టు దాచిపెడుతుంది. దాన్నే ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. తప్పు ఎప్పుడూ ఉండకుండా వచ్చి పోతున్నప్పుడు మనకున్న ఏకైక సాక్షి అదే. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద కోడ్ పడితే ముందు బ్యాటరీని అనుమానించాలి. బాగా వేడెక్కాకే పడితే కాయిల్ గానీ ఈసీఎం గానీ కావచ్చు. గతుకుల రోడ్డు మీద పడితే వైరు. వాన తర్వాతో, ఇంజిన్ మీద ప్రెషర్ నీళ్లు కొట్టి కడిగిన తర్వాతో పడితే కప్లర్లో తడి. ఇవేవీ తీర్పులు కావు, ఎక్కడ వెతకాలో చెప్పే దారులు. స్కానర్ తెర మీది ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకోమని డ్రైవరుకు చెప్పి ఉంచితే ఖర్చేమీ లేదు.

తర్వాత బ్యాటరీ, ఎర్త్. ఇది చిన్నచూపు చూసే చోటు. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తుంటే 14 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసేటప్పుడు 9 వోల్టుల దాకా పడిపోతుంటే ఈసీఎం ఆ పెంచిన వోల్టేజిని తయారుచేసుకోవడానికే కష్టపడుతుంది. ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే ఒక సిలిండర్ కోడ్ కాదు, రోజుకో సిలిండర్ కోడ్ రావచ్చు. ఈరోజు 1, రేపు 4, ఎల్లుండి 2 అని కోడ్ తిరుగుతుంటే నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి చెడిపోయాయని నమ్మడం కష్టం. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే చూడాలి. ఒక జత సిలిండర్లకే ఎప్పుడూ కలిసి వస్తుంటే అదీ ఒక ఆనవాలే. చాలా ఈసీఎంలలో రెండేసి ఇంజెక్టర్లకు ఒక సరఫరా లైను ఉంటుంది. అందులో ఒక ఇంజెక్టర్ కాయిల్ ఇంజిన్ బాడీకి షార్ట్ అయితే, పక్కన ఏ పాపమూ ఎరుగని రెండోది కూడా ఆగిపోతుంది.

ఆ తర్వాత కళ్లతో చూడడం. సేవా సంస్థల బండ్లకు ప్రత్యేకంగా ఉన్న ఒక శత్రువును ఇక్కడ చెప్పాలి. రేషన్ బియ్యం దించిన గోడౌన్ పక్కనే బండి నిలుపుతాం. గోడౌన్లో ఎలుకలుంటాయి. రాత్రి వెచ్చగా ఉన్న ఇంజిన్ మీదికెక్కి వైర్లు కొరకడం వాటికి సరదా. కొరికిన చోటు పైకి కనిపిస్తే అదృష్టం, ముడతల ప్లాస్టిక్ గొట్టం లోపల కొరికితే ఎవరికీ కనిపించదు. ఎలుక రెట్టలు ఇంజిన్ మీద కనిపిస్తే ఆ గొట్టం విప్పి చూడాల్సిందే. ఇంకోటి, ఇదివరకు ఎవరో వైరు మెలితిప్పి టేపు చుట్టిన చోట్లు. 20 ఆంపియర్లు వెళ్లే వైరుకు మెలితిప్పిన అతుకు పనికిరాదు. టంకం వేసి, పైన వేడికి బిగుసుకునే గొట్టం తొడగాలి.

ఇప్పుడు మల్టీమీటర్. ఇంజిన్ ఆపి, నాలుగు ఇంజెక్టర్ల కప్లర్లూ తీసి, ఒక్కో కాయిల్ రెసిస్టెన్స్ కొలవాలి. మీటర్ తీగలకే కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. రెండు మొనలూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేయాలి, లేకపోతే 0.3 ఓం కొలతకు అర్థమే లేదు. అంకె ఎంతన్నది కాదు, నాలుగూ ఒకలా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. మూడు 0.3 చూపి ఒకటి అసలు కదలకపోతే ఆ కాయిల్ తెగింది. అప్పుడు ఇంజెక్టర్ మార్చడం న్యాయమైన ఖర్చే. పిన్నుకూ ఇంజిన్ బాడీకీ మధ్య మాత్రం కరెంటు దారి అసలు ఉండకూడదు. కొన్ని బండ్లలో పీజో రకం ఇంజెక్టర్లుంటాయి, వాటి కొలతలు పూర్తిగా వేరు, ఓంలలో కాదు వేల ఓంలలో ఉంటాయి. మన బండిలో ఏ రకమో ముందే తెలుసుకుని ఉండాలి.

కాయిల్స్ నాలుగూ బాగుంటే వైరు వంతు. షెడ్డుల్లో చేసేది మీటర్‌ను బీప్ శబ్దం మీద పెట్టి రెండు చివరలా తాకించడం. బీప్ వస్తే 'వైరు బాగుంది' అంటారు. ఇది సగం నిజమే. వైరులో ఇరవై రాగి పోగులుంటే పందొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటర్ బీప్ అంటుంది. మీటర్ పంపేది చీమంత కరెంటు కాబట్టి. నడిచే బండిలో 20 ఆంపియర్లు ఆ ఒక్క పోగు మీద పోవాలి. అందుకే అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు ఒక పాత హెడ్‌లైట్ బల్బును వాడతారు. బ్యాటరీ తీసి, ఈసీఎం కప్లర్, ఇంజెక్టర్ కప్లర్ రెండూ విడదీసి, ఆ ఒక్క వైరు గుండా వేరే బ్యాటరీతో 55 వాట్ల బల్బు వెలిగిస్తారు. నాలుగున్నర ఆంపియర్లు పోతాయి. వైరు బాగుంటే బల్బు నిండుగా వెలుగుతుంది. పోగులు తెగి ఉంటే ఎర్రగా మిణుకుమంటుంది. అలా వెలుగుతుండగా వైరు పొడుగునా చేత్తో కొంచెం వంచుతూ పోతే, ఎక్కడ బల్బు కన్నుకొడుతుందో అక్కడే రోగం. ఈసీఎం కప్లర్ తీయకుండా ఈ పరీక్ష చేస్తే ఈసీఎం కాలిపోతుంది, ఆ ఒక్క జాగ్రత్త తప్పకూడదు.

ఒక నమూనా చూద్దాం. బండికి పి 0203 వచ్చింది. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఇంజిన్ 88 డిగ్రీల వేడి, వేగం గంటకు 18 కిలోమీటర్లు, బరువు పూర్తిగా. అంటే లోడు మీద, రెండో గేరులో, ఎత్తు ఎక్కుతుండగా పడింది. నాలుగు కాయిల్స్ కొలిస్తే నాలుగూ 0.4 ఓం, చల్లగా ఉన్నప్పుడూ అంతే, వేడి మీదా అంతే. ఇంజెక్టర్ నిర్దోషి. మూడో సిలిండర్ వైరుకు బీప్ వచ్చింది. బల్బు పెడితే అదీ వెలిగింది. ఇంజిన్ వెనక, వైర్ల కట్ట ఒక క్లాంపు దగ్గర మలుపు తిరిగే చోట వంచగానే బల్బు మిణుకుమంది. పైన ప్లాస్టిక్ తొడుగు చెక్కుచెదరలేదు, లోపల పోగులు తెగి ఉన్నాయి. లోడు మీద లాగేటప్పుడు ఇంజిన్ తన మౌంటింగుల మీద ఒక పక్కకు ఒరుగుతుంది, అప్పుడు ఆ మలుపు దగ్గర వైరు లాగబడుతుంది, సర్క్యూట్ తెగుతుంది. షెడ్డులో నిలబెట్టి ఎంతసేపు నడిపినా ఇంజిన్ ఒరగదు, కోడ్ రాదు. జానెడు వైరు, ఒక టంకం, ఒక పూట కూలితో తీరే పని ఇది. కోడ్ అంకె ఒక్కటే చూసి ఇంజెక్టర్ మార్చి ఉంటే బిల్లు ఎన్నో రెట్లయ్యేది, లైటు మాత్రం మొదటి ఎత్తు మీదే తిరిగి వెలిగేది.

కాయిల్ బాగుండి, వైరు బాగుండి, కప్లర్ పిన్నులు బిగువుగా ఉండీ కోడ్ వస్తుంటే అప్పుడు, అప్పుడే, ఈసీఎంను వేలెత్తి చూపాలి. ఈసీఎం పాడవదని కాదు. కానీ అది తనంతట తాను చెడటం కన్నా, వైరు షార్ట్ అయి దాన్ని చెడగొట్టడమే ఎక్కువ. ఆ షార్ట్ వెతక్కుండా కొత్తది బిగిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. మార్చే ముందు ఆసిల్లోస్కోప్, కరెంటు క్లాంపు ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర నాలుగు సిలిండర్ల కరెంటు గీతల్ని పక్కపక్కన పెట్టి చూపించమనాలి. అది ఒక గంట పని, దాని చార్జీ ఈసీఎం ధరలో ఏ మూలకూ రాదు.

'రెండు ఇంజెక్టర్లు అటూ ఇటూ మార్చి చూస్తే తెలిసిపోతుంది కదా' అనే ప్రశ్న తప్పక వస్తుంది. పెట్రోలు బండికి అది మంచి ఉపాయమే. కోడ్ ఇంజెక్టర్‌తో పాటు వేరే సిలిండర్‌కు వెళితే తప్పు ఇంజెక్టర్ది, ఉన్నచోటే ఉంటే వైరుదో ఈసీఎందో. డీజిల్ కామన్ రైల్లో మాత్రం ప్రతి ఇంజెక్టర్ మీదా దాని సొంత గుర్తింపు సంఖ్య చెక్కి ఉంటుంది, ఏ సిలిండర్లో ఏ సంఖ్య ఉందో ఈసీఎంకు స్కానర్ ద్వారా రాసివ్వాలి. అధిక ఒత్తిడి పైపులు విప్పితే లోపలికి ఒక్క రేణువు దుమ్ము పోకూడదు. కాబట్టి అక్కడ అది చివరి మార్గం, మొదటిది కాదు. ఇంజెక్టర్లు కదపకుండా కప్లర్లు మాత్రం అటూ ఇటూ పెట్టి ఇంజిన్ నడపడం అసలే కూడదు, డీజిల్ తప్పుడు సమయంలో సిలిండర్లోకి పోతుంది.

ప్రాణాల సంగతి కూడా చెప్పాలి. పాత ఇంజిన్ల మీద పెరిగిన మిస్త్రీలకు ఒక అలవాటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేసి, ఏ సిలిండర్ పనిచేయడం లేదో శబ్దం బట్టి కనిపెట్టేవారు. గొప్ప విద్యే అది, ఆ ఇంజిన్లకు. కామన్ రైల్ మీద అదే చేస్తే 1,600 బార్ ఒత్తిడితో వచ్చే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతుంది, గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అలా తగిలితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, 'డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయింది' అని స్పష్టంగా చెప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ వైర్లను కూడా చేత్తో తాకకూడదు, అక్కడున్నది 12 వోల్టులు కాదు.

బిల్లు మంజూరు చేసేవారు అడగవలసినవి కొన్నే. చెరపకముందు కోడ్ ఏమిటి, ఫ్రీజ్ ఫ్రేమ్ ఏం చెప్పింది? నాలుగు కాయిల్స్ అంకెలు కాగితం మీద ఉన్నాయా? వైరును లోడు మీద పరీక్షించారా, బీప్‌తోనే సరిపెట్టారా? మార్చిన పాత భాగం ఎక్కడ? మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు, పైగా తన పని అర్థమయ్యేవాళ్లు దొరికారని సంతోషిస్తాడు. వెతికే పనికి కూలి అడిగితే బేరమాడకుండా ఇవ్వడమూ ముఖ్యమే. మనం సామాన్లకు డబ్బిచ్చి, వెతకడానికి ఇవ్వకపోతే, ఎవరైనా సామాన్లే మారుస్తారు.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి షెడ్డు చుట్టూ ఒక రౌండు కొట్టి తాళం ఇచ్చేస్తే పని పూర్తికానట్టే. కోడ్ ఏ పరిస్థితిలో పడిందో ఆ పరిస్థితిలోనే నడిపి చూడాలి. పై నమూనాలో అయితే బస్తాలు ఎక్కించి, ఇంజిన్ వేడెక్కాక, అదే ఎత్తు మీద రెండో గేరులో. తిరిగొచ్చాక స్కానర్లో పక్కా కోడ్‌లే కాక, ఇంకా ఖరారు కాని పెండింగ్ కోడ్‌లు కూడా చూడాలి. లైటు వెలగకముందే తప్పు అక్కడ కనిపిస్తుంది. రెండు మూడు రోజులు మామూలు పని మీద తిప్పి మరోసారి చూసి, అదీ ఖాళీగా ఉంటే, తేదీ, కిలోమీటర్లు, కోడ్, ఏం దొరికింది, ఏం చేశారు అని బండి లాగ్ బుక్కులో రాయించి డ్రైవరు చేత సంతకం పెట్టించాలి.